చిత్రం, వ్యంగ్యం, దస్త్రం

వ్యంగ్యార్థ వివక్ష లేని రచనను ఆనందవర్ధనుడు కావ్యానుకరణ మాత్రమేనని నిర్ణయించి, దానికి చిత్రమని పేరు పెట్టాడు. మమ్మటుడు దానిని అధమకావ్యంగా లెక్కించాడు. కెమెరాతో తీసిన చిత్రం కూడా ఈ కోవలోనిదే కదా, ఎదుటి వస్తువును ఉన్నదున్నట్లు చూపడమే దాని పని కదా అని ఆలంకారికులకు శంక కలగడం సహజం. భావప్రధానమైన ఛాయాచిత్రకళ ఆ శంకకు సమాధానం. అందులో కనిపించే వస్తువు వాచ్యం మాత్రమే, వివక్షితం వేరు.

ఈ కళ కార్యాలయాల వైపు దృష్టి సారించిన సందర్భాలలో రెండు ప్రసిద్ధమైనవి. డచ్చి దేశీయుడైన యాన్ బానింగ్ 'బ్యూరోక్రాటిక్స్' (2008) అనే గ్రంథంలో ఎనిమిది దేశాల ఉద్యోగులను వారి బల్లల వెనుకనే చూపాడు. మన దేశం నుంచి ఆయన ఎన్నుకొన్నది బీహారు. కెమెరా అర్జీదారు నిలిచే చోటనే నిలుస్తుంది. దయానితా సింగ్ 'ఫైల్ రూమ్' (2013)లో అధికారి ప్రధానం కాడు. నలుపు తెలుపులలో అరలు, కాగితాల కట్టలు, గుడ్డమూటలు, వాటి నడుమ వాటిని కాపాడే మనుషులు.

నేటి తెలుగులో వ్యంగ్యమంటే ఎత్తిపొడుపు; శాస్త్రంలో వ్యంజనావృత్తిచేత స్ఫురించే అర్థం. బానింగ్ చిత్రాలు మొదటి అర్థానికి, సింగ్ చిత్రాలు రెండవ అర్థానికి దగ్గర. పరిశోధనారంగంలో దస్త్రాల పెత్తనాన్ని విమర్శించదలచినవారికి రెండవ మార్గమే మేలు. ఇక్కడ గుమాస్తా దోషి కాడు. తాళపత్ర గ్రంథాన్ని చుట్టిన గుడ్డ, అర్జీల కట్టను చుట్టిన గుడ్డ చూపునకు ఒక్కటే. ఒక ముడి గ్రంథాన్ని చెదపురుగు నుంచి కాపాడుతుంది. రెండవది అదే గ్రంథాన్ని పాఠకుని నుంచి కాపాడుతుంది! ఆ మూటలు రెండింటిని పక్కపక్కన ఉంచి తీసిన ఒక్క చిత్రంలో ఏది ఏదో తెలియకపోవడమే విమర్శ.

అధ్యాపకుని రచనలకు 2010లో యూజీసీ ఏపీఐ పేరిట మార్కులు నిర్ణయించింది. 2019లో పత్రికల కేర్ పట్టిక వచ్చింది, 2025లో దానిని విరమించారు. పీహెచ్.డి. సిద్ధాంతవ్యాసం సమర్పించక ముందే వ్యాసం ప్రచురించి తీరాలన్న నియమం 2022లో తొలగిపోయింది. నియమాలు పోయినా వాటికోసం వ్రాసిన వ్యాసాలు గ్రంథాలయాలలో మిగిలే ఉన్నాయి. ఒక వ్యాకరణ గ్రంథానికి పాఠపరిష్కరణ చేయడానికి పదేళ్లు పట్టవచ్చు. దరఖాస్తులో దానికి దక్కేది ఒక గడి.

హైదరాబాదులో ఈ సమస్య మరింత సూక్ష్మం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన మాదాపూరు నుంచి గచ్చిబౌలి వరకు నేడు అద్దాల మేడలే. ఆ దిక్కుననే 1974లో స్థాపితమైన కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సంస్కృత వ్యాకరణానికి కంప్యూటరు ఉపకరణాలను నిర్మించిన శాఖ కూడా ఉంది. ఇటువంటి కాలంలో దస్త్రం మూటగా కనిపించదు. తెరమీద 'పరిశీలనలో ఉన్నది' అనే రెండు మాటలుగా కనిపిస్తుంది. మూటకు బరువైనా ఉండేది, దుమ్మైనా ఉండేది. రూపమే లేని ఆలస్యాన్ని కెమెరా ఎలా పట్టుకొంటుంది?

దీనికి నైయాయికుల వద్ద సమాధానం ఉంది. వారి మతంలో అభావం కూడా ప్రత్యక్షమే. కుండ లేని నేలను చూచినప్పుడు కుండ లేకపోవడం కంటికే తెలుస్తుంది. కాని అభావానికి అధికరణం కావాలి. అందుచేత ఛాయాచిత్రకారుడు తెరను వదలి పఠనమందిరాన్ని చూపవలెను: దీపం వెలుగుతున్న బల్ల, దానిమీద కాగితాలు, చెక్కిన పెన్సిలు, కుర్చీలో ఎదురుచూస్తున్న పరిశోధకుడు, గ్రంథం ఉండవలసిన చోట ఖాళీ.

అటువంటి చిత్రాన్ని ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్‌కు వేదికైన మాదాపూరు స్టేట్ ఆర్ట్ గ్యాలరీలోనే ఉంచవచ్చు. కింద వివరణ మాత్రం వ్రాయరాదు. పగలంతా 'పెండింగ్' అనే మాటను తెరమీద చూచి వచ్చే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వ్యాఖ్యానం అవసరం ఉండదు.