దోషమెక్కడ?

సాగరు ఎడమ కాలువ కింద చివరి భూములు సాగుచేసే రైతుకు ఒక విద్య సహజంగా అబ్బినది. మడికి నీరందనప్పుడు అతడు మడిని నిందించడు. గట్టు వెంబడి పైకి నడచి ఏ తూము మూసి ఉన్నదో, ఎక్కడ పూడిక పడినదో చూచి వస్తాడు. అవసరమైతే లష్కరును నిలదీస్తాడు. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాల రైతుబిడ్డలైన మన విద్యార్థులు కంప్యూటరు ప్రయోగశాలలో అడుగుపెట్టగానే ఈ విద్యను ఎందుకు మరచిపోతున్నారో మాకు బోధపడదు.

జావా వెబ్ పేజీలు నిర్మించే జేఎస్‌పీ పద్ధతిలో సిద్ధంగా ఉన్న ట్యాగుల సముదాయాన్ని ట్యాగ్ లైబ్రరీ అంటారు. ఏ ట్యాగుకు ఏ గుణాలు చెల్లునో తెలిపే వివరణ పత్రం టీఎల్‌డీ. పేజీ నియమబద్ధంగా ఉన్నదో లేదో చూడడానికి లైబ్రరీ తన వెంట ఒక పరీక్షకుణ్ణి, అనగా వాలిడేటరును, తెచ్చుకొనవచ్చును. 2001లో వచ్చిన జేఎస్‌పీ 1.2 నుండి ఈ ఏర్పాటు కలదు.

ప్రాక్టికల్ పరీక్షకు ముందు మన విద్యార్థి ఒకరు ఇంటివద్ద చక్కగా నడిచిన ప్రాజెక్టును ఇక్కడి యంత్రంపై ఎక్కించగా తెరనిండా ఆంగ్లం పరచుకొన్నది. జేఎస్‌టీఎల్ కోర్ వాలిడేటరును లోడ్ చేయుట సాధ్యపడలేదని దాని సారాంశం. 'వాలిడేటర్' అన్న ఒక్క మాట చూచి, తప్పు తన పేజీలోనే ఉన్నదనుకొని, ఆ సాయంత్రమంతా ట్యాగులను ఒక్కొక్కటిగా తొలగిస్తూ పోయాడు. పేజీ ఖాళీ అయినది. పై వరుసలోని లైబ్రరీ ప్రకటన మిగిలి ఉన్నందున దోషం మాత్రం పోలేదు. మరునాడు అతడు ప్రయోగశాలకు రానేలేదు.

ఆ సందేశం పేజీ తప్పని చెప్పలేదు. పరీక్షకుడే హాలులోనికి రాలేకపోయాడని చెప్పినది! ఇంటివద్ద ఉన్నది టామ్‌క్యాట్ 9, ఇక్కడ ఉన్నది టామ్‌క్యాట్ 10. ఒరాకిల్ సంస్థ 2017లో జావా ఈఈని ఎక్లిప్స్ ఫౌండేషన్‌కు అప్పగించ సంకల్పించినది గాని, 'జావా' అన్న వ్యాపార నామంపై హక్కును విడువలేదు. తత్ఫలితంగా 2020 నాటి జకార్తా ఈఈ 9లో 'జావాఎక్స్' అన్న పేర్లు 'జకార్తా'గా మారినవి. పాత జేఎస్‌టీఎల్ 1.2 జార్ ఫైలు పాత పేరుతో పిలుస్తుంది. కొత్త సర్వరులో ఆ పేరుగలవారు లేరు.

ఇదే సందేశానికి మరొక కారణం కూడా కలదు. సర్వరు వద్ద ఉండవలసిన జేఎస్‌పీ ఏపీఐ జారును మనవారు వెబ్-ఇన్ఫ్ లోని లిబ్ ఫోల్డరులో కూడా పెడతారు. రెండు చోట్ల నుండి ఎక్కిన ఒకే పేరుగల తరగతులను జావా వేరువేరు వ్యక్తులుగానే ఎంచుతుంది.

ఇక చిరునామా సంగతి. జేఎస్‌టీఎల్ 1.0 చిరునామాకు, 1.1 చిరునామాకు నడుమ భేదం 'జేఎస్‌పీ' అన్న మూడక్షరాలు మాత్రమే. పాతది రాసి ట్యాగులో ఎక్స్‌ప్రెషన్ వాడితే, ఆ గుణం ఎక్స్‌ప్రెషన్లను అంగీకరించదని టీఎల్‌డీ పేర మందలింపు వస్తుంది. ఉర్దూ చదివిన సోదరులకు ఇది వింత కాదు. ఒక్క నుక్తా చోటు మారితే 'ఖుదా' 'జుదా' అవుతుంది గదా.

తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుండి వచ్చిన మనవారికి ఆంగ్లమే అడ్డంకి అని కొందరంటారు. మేము పూర్తిగా అంగీకరించము. అట్టి సందేశంలో ముఖ్యమైన క్రియ ఒక్కటే ఉంటుంది. దానిని వెదకడం ఎవరూ నేర్పలేదు. మన రికార్డు పుస్తకాలలో సరియైన ఫలితాలే ఉంటాయి. దోషాలకు చోటే లేదు. జేఎస్‌పీ పాతబడిన పద్ధతి, దానికింత శ్రమ ఎందుకని మరికొందరంటారు. పాతబడిన మాట నిజమే. పాఠ్యక్రమంలో ఉన్నంతకాలం సక్రమంగా నేర్పుట మేలు.

కావున కమిటీ పెద్దలకు మా విన్నపం: ప్రతి ప్రయోగానికి రికార్డులో ఒక పుట దోషానికి కేటాయించి, సందేశము, కారణము, సవరణ రాయించి మార్కులు ఇప్పించవలెను. ప్రయోగశాల బల్లపై టామ్‌క్యాట్, జేఎస్‌టీఎల్ సంస్కరణ సంఖ్యలు రాయించవలెను. ఆ విద్యార్థి తరువాత తిరిగి వచ్చాడు. కొత్త పేర్లకు సరిపడే రెండు జార్ ఫైళ్లు మార్చగా పేజీ తెరచుకొన్నది. తొలగించిన ట్యాగులను మాత్రం మరల మొదటినుండి రాసుకొనవలసి వచ్చినది.