అచ్చుకు లోబడిన అధ్యాపకత్వం

తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం వైపు సాగిపోతే వరిచేలకు ఆవల రొయ్యల గుంటలు కనిపిస్తాయి. పిల్లను వదిలిన నాటినుండి పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు. మేత దుకాణంలో అరువు, కొనుగోలుదారు చెప్పిన కౌంటు, 2025లో అమెరికా పెంచిన సుంకం వంటి ఉత్పాతాలు, వీటన్నిటి నడుమ రైతు నిలబడవలసి ఉన్నది. కిలోకు ముప్పై తూగే రొయ్యకు ఒక ధర, నూరు తూగే రొయ్యకు మరొక ధర. ఆ ధరను నిర్ణయించేదెవరు, మేత వెలలో అరువు తాలూకు వడ్డీ ఎంత దాగి ఉన్నది అన్నవి వ్యాపార నిర్వహణ శాస్త్రం తేల్చవలసిన ప్రశ్నలే గదా! నెల్లూరులో ఎం.బి.ఏ. విద్యార్థులకు ఆ శాస్త్రం బోధించే యువ అధ్యాపకునికి గుంట గట్టు బస్సు దూరంలోనే ఉన్నది. అయినా అతడు అక్కడికి పోజాలడు. పోతే రెండు మూడు పంటలు ఓపికతో కనిపెట్టి ఉండాలి. ఏడాది తిరిగేసరికి అచ్చయిన వ్యాసాల సంఖ్య చూపకపోతే గడవదు.

ఈ లెక్కకు మూలం విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అనగా యు.జి.సి., 2010లో అధ్యాపకుల పరిశోధనకు మార్కులు కట్టిన నియమావళి. దాని స్థానే వచ్చిన 2018 నియమావళిలో వాణిజ్య, నిర్వహణ శాస్త్రాలవారికి ఒక్కొక్క వ్యాసానికి 10 మార్కులు. ఇద్దరు కలిసి వ్రాస్తే చెరి నూటికి 70 వంతులు, అంటే ఏడేసి. ఒంటరిగా వ్రాసిన వ్యాసం పది చేస్తే, జంటగా వ్రాసినది పద్నాలుగు చేస్తుందన్నమాట! ఈ గణితం బడిపిల్లవానికి సైతం బోధపడుతుంది. ఉద్యోగం నిలుపుకోవలసినవానికి బోధపడకుండా ఎలా ఉంటుంది?

గిరాకీ ఉన్నచోట అంగడి వెలుస్తుంది. రుసుము పుచ్చుకొని, నిపుణుల పరిశీలనను పేరుకు మాత్రం జరిపి వ్యాసాలు అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. యు.జి.సి. 2018 మే నెలలో తన ఆమోద జాబితానుండి 4,305 పత్రికలను తొలగించింది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఓమిక్స్ సంస్థ పరిశీలన విషయంలోను, రుసుముల విషయంలోను రచయితలను వంచించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసినదని 2019 మార్చిలో అక్కడి న్యాయస్థానం తీర్పిచ్చింది. ఆ ఏడే యు.జి.సి. తెచ్చిన ‘కేర్’ జాబితా కూడా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. పత్రికల మంచిచెడ్డలు విచారించే భారం విద్యాసంస్థల మీద పడింది.

పెద్ద బిజినెస్ స్కూళ్ళ కొలత వేరు. లండనులోని ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక బిజినెస్ స్కూళ్ళకు ర్యాంకులిచ్చేటప్పుడు, తాను ఎంచిన 50 పరిశోధన పత్రికలలో వచ్చిన వ్యాసాలను లెక్కిస్తుంది. వాటిలో నాణ్యతకు లోటు లేదు. కాని ఒక వ్యాసం వెలుగుచూడడానికి ఏండ్లు పట్టవచ్చు. పరిశీలకుడు ఏ దేశంవాడో, అతనికి రొయ్యల కౌంటు సంగతి మొదటినుండి చెప్పుకొని రావాలి.

పిహెచ్.డి. గ్రంథం సమర్పించే ముందు వ్యాసం అచ్చుకావాలన్న నిబంధనను 2022 నవంబరులో యు.జి.సి. తొలగించింది. మంచిదే. అయితే పట్టం చేతికి వచ్చాక ఉద్యోగానికి పోయినచోట మళ్ళీ వ్యాసాల సంఖ్యే అడుగుతారు.

ఈలోగా, తరగతిలో కూర్చున్న రొయ్యల రైతు కొడుకు మేత బాకీ మీద వడ్డీ ఎలా కడతారని అడిగితే, అధ్యాపకుడు అమెరికా కంపెనీల ఉదాహరణలున్న పుస్తకమే తెరవవలసి వస్తున్నది.