నాన్న పేరు కూడా రాయండి

ఈసారి మన గోడపత్రికకి పరిశుభ్రత మీద, చెట్ల పెంపకం మీద వ్యాసాలు చాలా వచ్చాయట. కనుక నేను వేరే సంగతి రాస్తున్నాను. మన నాన్నల సంగతి. కొందరం అయ్య అంటాం, కొందరం నాన్న అంటాం, ఎలా పిలిచినా మనిషి ఒక్కడే.

మన హాస్టలుకి నాన్న వస్తే ఎంతవరకు రావచ్చు? గేటు వరకే. అమ్మ వస్తే లోపలికి వస్తుంది. ట్రంకుపెట్టె తెరిచి చూస్తుంది, తలకి నూనె రాస్తుంది, ఎక్కడ పడుకుంటున్నామో కళ్ళారా చూసుకుని వెళ్తుంది. నాన్న మాత్రం చింతచెట్టు కింద నిలబడి, తెచ్చిన సంచీ వాచ్‌మన్ తాత చేతికిచ్చి, గేటు ఊచల మధ్య నుంచి నాలుగు మాటలు మాట్లాడి పోవాలి. "ఈసారి వాళ్ళమ్మని పంపించు బాబూ" అన్న మాట కూడా పడాలి. తెల్లవారుజామున లేచి, కొండ దిగి, జీపు పట్టుకుని వచ్చిన మనిషికి ఇదా మర్యాద?

ఈ నియమం ఎందుకు పెట్టారో మాకు తెలియకపోలేదు. ఇది ఆడపిల్లల హాస్టలు. బంధువునని చెప్పి ఎవడైనా రావచ్చు. 2012లో పోక్సో చట్టం ఊరికే రాలేదు. మా డార్మెటరీలోకి మగవాళ్ళెవరూ రాకూడదు, అది సొంత నాన్నయినా సరే, ఎందుకంటే అక్కడ మిగతా పిల్లలు ఉంటారు. ఇందులో నాకు మేడమ్ గార్లతో ఏ పేచీ లేదు. కాని ఆఫీసు పక్కన వరండా ఉంది, బెంచీలు ఉన్నాయి, అందరికీ కనబడే చోటే. అక్కడ పావుగంట కూర్చోబెడితే ఎవరి భద్రతకి లోటు?

అసలు చిక్కు గేటుతో కాదు, విజిటర్స్ కార్డుతో. కార్డు మీద ఒకటే ఫోటో, ఒకటే పేరు, ఒకటే ఫోను నంబరు. చేర్పించిన రోజు ఎవరు వస్తే వాళ్ళదే. ఇంట్లో అమ్మా నాన్నా కలిసి ఉన్నవాళ్ళకి ఇది పెద్ద ఇబ్బంది అనిపించదు. వేరుపడినవాళ్ళ పిల్లల మాట ఏమిటి? మన బడిలో అలాంటివాళ్ళు తక్కువేమీ లేరు. అమ్మ మారుమనువు వెళ్ళింది, మావయ్య తెచ్చి చేర్చాడు, కార్డు మీద మావయ్య పేరు పడింది. అంతటితో నాన్న ఈ బడికి ఎవరూ కాకుండా పోయాడు.

నాతో చదివే ఒకమ్మాయికి పోయిన ఏడాది జ్వరం, కీళ్ళనొప్పులు వచ్చి ఆసుపత్రిలో ఉంచారు. కబురు కార్డు మీదున్న నంబరుకే వెళ్ళింది. తప్పులేదు, అదే కదా రాసి ఉంది. వాళ్ళ నాన్నకి మాత్రం నాలుగు రోజుల తర్వాత సంతలో ఎవరో చెబితే తెలిసింది. అతను పరుగున వచ్చేసరికి పిల్ల తిరిగి హాస్టలుకి వచ్చేసింది. కార్డు లేదని ఆ రోజు చూడనివ్వలేదు. ఆ పిల్ల మేడ మీద నుంచి చెయ్యి ఊపింది.

ఆసుపత్రిలో ఆమెకి సికిల్‌సెల్ పరీక్ష కూడా చేశారు. సిస్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "మీ అమ్మకి నాన్నకి పరీక్ష అయిందా?" అని. పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం చదివినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. ఆ జబ్బు రావాలంటే లోపం ఉన్న జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి రావాలి. ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. 2023 జూలైలో సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించి, గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేయిస్తున్నారు. మన రక్తంలో సగం సంగతి ఎవరిని అడగాలో ఆ మనిషి పేరే మన కార్డు మీద లేకపోతే ఎలా?

మన పెద్దలకి తెలిసిన ఒక ఉదాహరణ చెబుతాను. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. పెళ్ళయినవాళ్ళయితే పోడు భూమి పట్టా భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలని అందులోనే ఉంది. మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్న పట్టాలో అమ్మ పేరు, నాన్న పేరు రెండూ ఉన్నాయి. రాళ్ళు, తుప్పలు ఉన్న రెండెకరాలకి ఇద్దరి పేర్లు పట్టాయి. కన్నబిడ్డ కార్డులో పట్టవా?

ఇలా రాస్తే అమ్మల మీద ఫిర్యాదు అనుకుంటారేమో. అది కానే కాదు. పూర్వం అన్యాయం అటువైపు జరిగింది. 1984లో గీతా హరిహరన్ అనే రచయిత్రి, ఆమె భర్త కలిసి కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లకి దరఖాస్తు పెట్టారు. సంరక్షకురాలిగా తల్లి సంతకం ఉంటే, తండ్రి సంతకం కావాలని తిప్పి పంపారు. తండ్రి బతికి ఉండగానే తల్లి కూడా సంరక్షకురాలు కావచ్చునని సుప్రీంకోర్టు చెప్పేసరికి 1999 వచ్చింది. అమ్మకి ఆ చోటు అంత కష్టం మీద దొరికింది. అందులోంచి ఒక్క అంగుళం కూడా తియ్యమని నేను అడగను. పక్కన ఇంకొక గీత గీసి నాన్న పేరు రాయమంటున్నాను, అంతే.

ఇక హక్కు ఎవరిది అన్న మాట. సాంఘికశాస్త్రం మేడమ్ గారిని అడిగి తెలుసుకున్నాను. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక తొమ్మిదో అధికరణంలో, వేరుపడిన తల్లిదండ్రులిద్దరినీ కలుస్తూ ఉండే హక్కు బిడ్డకి ఉందని రాశారు. బిడ్డ మేలుకి విరుద్ధమైతే తప్ప అని కూడా రాశారు. మన దేశం 1992 డిసెంబరులో దానికి ఒప్పుకుంది. 2020లో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఇదే అంది, తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డకి దక్కాలని, దూరంగా ఉంటే వీడియో కాల్‌లోనైనా మాట్లాడనివ్వాలని. ఇంకా పాతది, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో, తెలివిగా ఇష్టం చెప్పగల వయసుంటే బిడ్డ మాటని కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చునని ఉంది. తెల్లదొరల కాలంలోనే పిల్లని అడగవచ్చు అని రాశారు చూడండి! మరి కార్డు రాసే రోజున మనల్ని ఎవరు అడిగారు?

అందరు నాన్నలూ మంచివాళ్ళని నేను అనను. జీలుగు కల్లు తాగి గేటు దగ్గర గొడవ చేసినవాళ్ళని మనమందరం చూశాం. కొట్టే నాన్నలు ఉన్నారు, పదో తరగతి కాకుండానే పెళ్ళి చేస్తానని లాక్కుపోవడానికి వచ్చేవాళ్ళు ఉన్నారు. అలాంటి నాన్న పేరు వద్దని ఏ పిల్లయినా చెబితే మేడమ్ గారు ఆమెని విడిగా కూర్చోబెట్టి విని, ఆ పేరు రాయకూడదు. కాని పదిమంది తాగుబోతుల్ని చూసి మిగతా అందరినీ చెట్టు కింద నిలబెట్టడం సరికాదు. ఎలాగూ రానివ్వరని తెలిసిన మనిషి కొన్నాళ్ళకి రావడం మానేస్తాడు. అప్పుడు మళ్ళీ మనమే అంటాం, నాన్నలకి పిల్లల చదువు పట్టదు అని.

ఇంకొక ఇబ్బంది ఉంది. చూడ్డానికి వచ్చే రోజు నెలకి ఒక్క ఆదివారమే. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్ళు ఏరే పని, ఆ తర్వాత పసుపు తవ్వి ఉడకబెట్టే పని. కూలి పోగొట్టుకుని ఆ ఒక్క రోజే రమ్మంటే కష్టం. సంత రోజున ఎలాగూ కిందికి దిగుతారు. ఆ సాయంత్రం అరగంట చూడనిస్తే చాలామంది వస్తారు. తల్లిదండ్రుల సమావేశం కాగితం కూడా అమ్మ పేరుకే కాకుండా ఇద్దరి పేరునా పంపితే బాగుంటుంది. చదువు రానివాళ్ళకి ఫోనులో చెబితే సరిపోతుంది.

ఈ సంగతులన్నీ ఒక అర్జీగా రాశాను. కార్డు మీద రెండు పేర్లు, రెండు ఫోటోలు, రెండు నంబర్లు. ఆఫీసు వరండాలో బెంచీ. సంత రోజు సాయంత్రం అరగంట. వద్దన్న పిల్ల మాట వినడం. వచ్చే సమావేశానికి ముందే హెచ్.ఎం. మేడమ్ గారికి ఇవ్వాలి. సంతకం చేయదలచినవాళ్ళు ఆదివారం తలస్నానాలు అయ్యాక మూడో డార్మెటరీ మెట్ల దగ్గరికి రండి. ఐదో తరగతి చిన్నపిల్లలు కూడా రావచ్చు. పేరు పక్కన మీ ఊరి పేరు రాయండి, నాన్న ఎంత దూరం నుంచి వస్తాడో మేడమ్ గారికి తెలుస్తుంది.

— పదో తరగతి విద్యార్థిని, 3వ డార్మెటరీ