స్టోర్ రూం తాళం చెవి ఇవ్వండి!

వేసవి గాలివానలకు శంషాబాద్ చుట్టుపక్కల కరెంటు పోయి రావడం కొత్తేమీ కాదు. వచ్చేటప్పుడు ఒక్కోసారి హెచ్చు ఓల్టేజితో వస్తుంది. లాబ్‌లో ఠప్‌మని చప్పుడు, కాలిన వాసన. మర్నాడు ఆ కంప్యూటరుకి 'పాడైనది' అని చీటీ అంటించి స్టోర్ రూంలో పడేస్తారు. ఏం పాడైందో చూసేవారు మాత్రం ఉండరు. ఇంట్లో కంప్యూటరు లేని పల్లెటూరి విద్యార్థికి లాబ్‌లో ఒక సీటు తగ్గడమంటే ఏమిటో చీటీ అంటించే వారికి తెలియదా?

చాలాసార్లు కాలేది ఎస్.ఎం.పి.ఎస్. అనే ఇనుప పెట్టె ఒక్కటేనని నా నమ్మకం. తక్కినవి బతికున్నదీ లేనిదీ పరీక్షిస్తేనే తేలుతుంది. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ముందు ప్లగ్గు పీకి ఆ పెట్టెను విడదీయాలి. (దాన్ని విప్పి వేలు పెట్టవద్దు సుమా! లోపలి కెపాసిటర్లలో 300 ఓల్టుల దాకా నిలిచి ఉండవచ్చు.) మదర్‌బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు, నల్లబడిన చోట్లు వెతకాలి. వేరే మంచి సప్లయి తెచ్చి ముందు మల్టీమీటరుతో చూడాలి. 12 ఓల్టుల తీగ 11.4కీ 12.6కీ మధ్య, 5 ఓల్టులది 4.75కీ 5.25కీ మధ్య చూపాలి. అప్పుడు బోర్డు, ప్రాసెసరు, ఒక్క ర్యామ్‌తో లేపి చూడాలి. లేస్తే, ప్రతిసారీ కరెంటు ఆపి, ఒక్కొక్కటే తగిలించాలి. హార్డ్ డిస్కు అన్నిటికన్నా చివర. బోర్డు కావాలంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటరుకి బస్సెక్కితే దొరుకుతుంది; పోయిన ఫైనలియర్ ప్రాజెక్టు ఏ కొట్లో దొరుకుతుంది?

తొందరపడితే ఎంతటివారికైనా దెబ్బే. మన నెత్తి మీదుగా శంషాబాద్‌లో దిగే బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారికి 2017 మే 27న లండన్ డేటా సెంటర్‌లో కరెంటు పోయింది. దాన్ని అదుపు లేకుండా తిరిగి ఇవ్వడంతో యంత్రాలు దెబ్బతిన్నాయని మాతృసంస్థ అప్పటి అధిపతి విల్లీ వాల్ష్ చెప్పారు. దాదాపు 75,000 మంది ప్రయాణికులు చిక్కుబడ్డారు.

విద్యార్థులు ముట్టుకుంటే ఉన్నవీ పోతాయని కొందరు అధ్యాపకుల భయం. లాబ్‌లో నడుస్తున్న వాటి విషయంలో ఆ భయం న్యాయమే. కానీ ఇప్పటికే కండెమ్ చేసిన దానికి ఇక పోయేదేముంది? పవర్ సప్లయి బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్నవాడు అసలు సప్లయి ముందు చేతులు కట్టుకు నిలబడటం శోచనీయం.

యూనియన్ తరఫున మనం అడగవలసినవి పెద్దవేమీ కావు. ఒక మల్టీమీటరు, ఒక మంచి సప్లయి, లాబ్ అసిస్టెంటు గారి పర్యవేక్షణ, శనివారం మధ్యాహ్నాలు స్టోర్ రూం తాళం చెవి. అన్నట్టు, నేల ఎండితే ఎర్తింగ్ సరిగా పనిచేయదు. వేసవిలో ఎర్త్ గుంటలో రెండు బకెట్ల నీళ్ళు పోయించమని కూడా ఆ అర్జీలో రాయండి.