మొదటి ఫొటో సరే, చివరి ఫొటో సరే... నడుమ ఫొటోలేవీ?



పై వీడియోలో మీరు చూసిన వరి చేను నాదే. ఎకరం చెక్క, సాంబ మసూరి. కంకి బరువుకు పైరు వంగి ఉంది, చూడ్డానికి బాగుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇవాళ నేను రాయాలనుకున్నది ఆ వీడియోలో లేని, నా ఫోన్‌లో కూడా లేని కొన్ని ఫొటోల గురించి. అవి తీయకపోవడం వల్ల ఒక రైతు ప్రకృతి వ్యవసాయం వదిలేశాడు. ఆ తప్పు నాది.

నేను రసాయనాలు మానేసిన మొదటి ఏడు రెండే ఫొటోలు తీశాను. జూన్‌లో బీటలు వారిన నేల ఒకటి. డిసెంబరులో బంగారు రంగు తిరిగిన చేను ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి, "అప్పుడు, ఇప్పుడు" అని రాసి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దణ్ణాలు, చప్పట్లు బాగానే వచ్చాయి. వాటిని చూసే మా బాబాయి కొడుకు, పక్క చేను తమ్ముడు, మరుసటి ఏడు తన ఎకరంలో మొదలుపెట్టాడు. వానలకు ముందే నవధాన్యాలు చల్లాడు, కలియదున్నాడు, విత్తనానికి బీజామృతం పట్టించాడు. మా మరదలు రోజూ తెల్లారే లేచి పశువుల పాకలో మూత్రం పట్టేది. ఏదీ తక్కువ చేయలేదు.

నాటిన 22వ రోజున పైరు పసుపు తిరిగింది. గట్టు అవతల యూరియా వేసిన చేను నల్లగా నిగనిగలాడుతోంది. తమ్ముడు ఫోన్ తీసి నా రెండు ఫొటోలు మళ్లీ చూసుకున్నాడట. ఎక్కడా పసుపు లేదు. ఆ సాయంత్రమే బస్తా యూరియా తెచ్చి చల్లేశాడు.

తర్వాత నేను వెళ్లి అడిగితే ఒక్కటే మాట అన్నాడు.

"అన్నా, నీ చేను పసుపు తిరగలేదా?"

"తిరిగింది రా. నలభై రోజుల దాకా అలాగే ఉంది. తర్వాత కోలుకుంది."

"మరి ఆ ఫొటో ఏదీ?"

నా దగ్గర లేదు. తీయలేదు. ఆ ఇరవై రోజులూ నేను గట్టు మీదికి ఫోన్ తీసుకుని కూడా వెళ్లలేదు. చేను చూస్తే సిగ్గేసేది. ఇంకో సంగతి కూడా ఆ రెండు ఫొటోల్లో లేదు. ఆ ఏడు నాకు 22 బస్తాలే వచ్చాయి. అంతకు ముందు రసాయనాలతో 30 దాకా వచ్చేవి. ఖర్చు బాగా తగ్గింది కాబట్టి నష్టపోలేదు, నిజమే. కానీ బంగారు రంగు చేను ఫొటో ఎనిమిది బస్తాల తగ్గుదలని చెప్పదు కదా.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. "అప్పుడు, ఇప్పుడు" అని రెండు ఫొటోలు పెట్టడం మనం మానేయాలి. మార్పు కథంతా ఆ రెండింటి నడుమే జరుగుతుంది. ఆ నడుమ సంగతే కొత్త రైతుకు కావాలి.

చేర్యాల పటం కథలు గుర్తున్నాయా? సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ కళాకారులు గుడ్డ మీద పొడుగాటి పటం గీసేవారు. కథ చెప్పేవాళ్లు దాన్ని ఊరి మధ్య వేలాడదీసి, కొంచెం కొంచెం విప్పుతూ, ఒక్కో గడిలో బొమ్మ చూపిస్తూ కులపురాణం చెప్పేవారు. మొదటి గడి, చివరి గడి చూపించి పటం చుట్టేస్తే జనం ఊరుకుంటారా? కష్టాలన్నీ నడుమ గడుల్లోనే ఉంటాయి. ఫొటోలతో కథ చెప్పడం మనకు కొత్త విద్యేమీ కాదు. గడులు ఎగరగొట్టడమే కొత్తగా నేర్చుకున్నాం.

"వీడియోలు ఉన్నాయిగా, ఇంక ఫొటోలెందుకు" అనొచ్చు. వీడియో వల్ల నేనూ చాలా నేర్చుకున్నాను. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మట్టి గుప్పెడు ఎలా కలపాలో వీడియో చూపించినట్టు ఇంకేదీ చూపించదు. కానీ వీడియోలో 48 గంటలు ఒక్క క్షణంలో అయిపోతాయి. నాటు వేసిన చేను రెప్పపాటులో ఈనేస్తుంది. పని ఎలా చేయాలో వీడియో చెబుతుంది. ఎన్నాళ్లు ఓర్చుకోవాలో వరస ఫొటోలు చెబుతాయి. పైగా 25వ రోజున రైతు గట్టు మీద నిలబడి, నా చేను 25వ రోజు ఫొటో తెరిచి, తన చేనుతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. పది నిమిషాల వీడియోలో ఆ రోజును ఎక్కడ వెతుకుతాడు?

ఇంకో భయం కూడా ఉంది. ఒక్క ఫొటో మీద ఆధారపడితే, దాని మీద అనుమానం వచ్చిన రోజున నిజం కూడా కొట్టుకుపోతుంది. అమెరికాలో 1936లో ఇలాగే జరిగింది. కరువు ప్రాంతాల రైతుల పరిస్థితి చూపించడానికి అక్కడి ప్రభుత్వం ఫొటోగ్రాఫర్లను పంపింది. వాళ్లలో ఆర్థర్ రోత్‌స్టీన్ అనే కుర్రాడు దక్షిణ డకోటాలో బీటలు వారిన నేల మీద ఒక పశువు పుర్రెను ఫొటో తీశాడు. మంచి ఫొటో కోసం పుర్రెను కొన్ని అడుగులు జరిపి వేరే చోట పెట్టి కూడా తీశాడు. అది ఎన్నికల ఏడు. ఒకే పుర్రె రెండు చోట్ల కనిపించేసరికి, ప్రభుత్వం అంటే గిట్టని పత్రికలు "కరువు ఫొటోలన్నీ బూటకం" అని గోల చేశాయి. కరువు బూటకం కాదు, రైతులు నిజంగానే ఊళ్లు వదిలి పోతున్నారు. అయినా కొన్నాళ్లు మాట్లాడుకున్నది పుర్రె గురించే. మన సంగతీ అంతే. ఎవరో ఒకరు యూరియా వేసిన చేను ఫొటో పెట్టి ప్రకృతి సేద్యం అన్నారని తేలితే, నిజాయితీగా చేసే పదిమందినీ ఆ మాటే కొడుతుంది. ఒక ఫొటోకు వేషం వేయొచ్చు. నారుమడి నుంచి కాటా దాకా తేదీలతో సహా ఉన్న వరసకు వేషం వేయడం చాలా కష్టం.

ఇప్పుడు నేను చేస్తున్నది చెబుతాను. పెద్ద కెమెరా ఏమీ అక్కర్లేదు.

గట్టు మీద ఒకచోట కర్ర పాతాను. ప్రతిసారీ ఆ కర్ర దగ్గరే నిలబడి, ఫోన్ ఛాతీ ఎత్తులో అడ్డంగా పట్టుకుని, అవతలి గట్టు మీది తాటిచెట్టు ఫొటోలో ఒకే చోట పడేటట్టు తీస్తాను. చోటు మారకపోతేనే చేను మారింది కనిపిస్తుంది. పొద్దున్నే, ఎండ నా వెనక ఉన్నప్పుడు తీస్తాను. పది రోజులకొకసారి తీస్తే సాంబ మసూరికి నారుమడి నుంచి కోత దాకా 15 సార్లు వస్తుంది, అంతే.

వెళ్లిన ప్రతిసారీ మూడు ఫొటోలు. దూరం నుంచి చేనంతా. తర్వాత గుర్తు పెట్టుకున్న ఒకే దుబ్బు, పక్కన నా చేయి పెట్టి. అప్పుడు పిలకలు ఎంత పెరిగాయో తెలుస్తుంది. ఆఖరున దగ్గర నుంచి ఆకు గానీ మట్టి గానీ. ఈ దగ్గరి ఫొటోను తేలిగ్గా తీసుకోవద్దు. పసుపు అన్నీ ఒకటి కాదు. ముదురు ఆకులు ముందు పసుపు తిరిగితే నత్రజని తక్కువని అనుకుంటాం. ముదిరిన చెత్త ఎక్కువ కలియదున్నితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే కొన్నాళ్లు నత్రజనిని వాడుకుంటాయి, తర్వాత పైరుకు వదులుతాయి. కింది ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే జింకు లోపమేమో చూసుకోవాలి, ఊరికే ఓర్చుకుంటే సరిపోదు. దూరం ఫొటోలో ఈ రెండూ ఒకేలా పసుపు. దగ్గరి ఫొటో ఉంటే తెలిసినవాళ్లు చూసి చెప్పగలుగుతారు.

ఫోన్‌లో రంగులు పెంచే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆపేయండి. కొన్ని ఫోన్లు చెట్టూచేమా కనపడగానే పచ్చదనం వాటంతట అవే పెంచేస్తాయి. ఆకు రంగుల చార్టు ఉంటే ఆకు పక్కన పెట్టి తీయండి, లేకపోతే తెల్ల కాగితం పెట్టండి.

ఫొటో కింద రెండు మూడు ముక్కలు రాయడం మరవద్దు. "నాటిన 22వ రోజు. పసుపు తిరిగింది. ద్రవ జీవామృతం 200 లీటర్లు రెండోసారి పారించాం." ఇంత చాలు. తెల్లకంకులు వచ్చాయా, అదీ రాయండి. నీమాస్త్రం కొట్టడం ఆలస్యమైందా, అదీ రాయండి. ఇక చివరి ఫొటో బంగారు రంగు చేను దగ్గర ఆపొద్దు. కాటా దగ్గర తీయండి. పక్కనే ఖర్చు రాసిన నోటు పుస్తకం పేజీ కూడా. మన కథకు అదీ ముగింపు.

ఒక పెద్దాయన నాతో అన్నాడు: "ఇట్టా పాలిపోయిన చేను ఫొటోలు పెడితే కొత్తవాడు వస్తాడా?" ఆయన భయం నాకు అర్థమైంది. కొంతమంది రాకపోవచ్చు కూడా. కానీ మంచి ఫొటో ఒక్కటే చూసి వచ్చినవాడు మొదటి పసుపుకే పోతాడు. పోతూ పోతూ ఊరంతా "మోసం" అని చెబుతాడు. పసుపు చూసి, లెక్క చూసి కూడా వచ్చినవాడు నిలబడతాడు. నాకు వందమంది వచ్చి పోవడం కంటే పదిమంది నిలబడడం ముఖ్యం.

మన దగ్గర నేరుగా బియ్యం కొనేవాళ్లకూ ఈ వరస పనికొస్తుంది. పీజీఎస్‌లో ఒకరి చేను ఒకరు చూసి సంతకం పెట్టే పద్ధతి ఉంది. ఫొటోలు దానికి బదులు కావు. కాకపోతే ఆ చూసిన రోజు కాక మిగిలిన రోజుల్లో చేను ఎలా ఉందో చెప్పడానికి తోడుంటాయి.

ఒక్క జాగ్రత్త. పక్క చేను ఫొటోలో పడితే ఆయన్ని అడిగి పెట్టండి. పోలిక కోసం పక్కవాణ్ణి చిన్నబుచ్చొద్దు. రేపు రావలసినవాడు ఆయనే.

తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. ఈ ఏడు ఎకరం వద్దన్నాడు, 30 సెంట్లలో మాత్రం మళ్లీ వేశాడు. నేను బతిమాలలేదు. పోయినేడు తీసిన 15 రోజుల ఫొటోలూ వరసగా పంపించి ఊరుకున్నాను, పసుపుతో సహా. తనూ గట్టు మీద కర్ర పాతుకున్నాడు. మొన్న పొద్దున్నే ఫొటో పంపాడు. పైరు పాలిపోయి ఉంది. కింద రాశాడు: "24వ రోజు. పసుపు వచ్చింది. నీది 23కే వచ్చిందిగా. నలభై దాకా చూస్తా."

చూస్తాడో లేదో నాకూ తెలియదు. కానీ ఈసారి వాడి చేతిలో నడుమ ఫొటోలు ఉన్నాయి. మీరూ వచ్చే పంటకు నారు పోసిన రోజునే ఒక కర్ర పాతండి.