నోరు కట్టుకోమనడం తేలికే!

పెళ్లిళ్లలో, పేరంటాల్లో కాస్త ఒళ్లున్న ఆడమనిషి విస్తట్లో రెండో బూరె పడితే చాలు, ‘నోరు కట్టుకోకూడదూ!’ అనేవాళ్లు నలుగురు తయారు. అనేవాళ్లకి తమాషా. పాపం, ఆవిడకి ముద్ద గొంతు దిగదు. అసలు ఆకలి నోటికి సంబంధించినదేనా?

కాదంటోంది సైన్సు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అందులో ఒకరకం కణాలు ‘తిను’ అంటాయి, ఇంకోరకం ‘ఇక చాలు’ అంటాయి. పొట్ట ఖాళీ అయినప్పుడు అక్కడ తయారయ్యే గ్రెలిన్ అనే హార్మోను రక్తంలో కలిసి, వెళ్లి మొదటివాటిని తట్టిలేపుతుంది. ఒంట్లోని కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ వాటిని జోకొట్టి, రెండోవాటిని మేల్కొలుపుతుంది. లెప్టిన్ సంగతి 1994లో, గ్రెలిన్ సంగతి 1999లో బయటపడ్డాయి.

పుట్టుకతోనే లెప్టిన్ లేని తొమ్మిదేళ్ల పాప ఒకతె బ్రిటన్‌లో ఉండేది. ఎంత పెట్టినా ఆకలే. బరువు 94 కిలోలు! లెప్టిన్ ఇంజెక్షన్లు ఇచ్చాక ఆకలి అణిగింది, ఏడాదిలో 16 కిలోలు తగ్గింది. 1999లో ప్రచురించిన సంగతి ఇది. ఆ పిల్లకి కావలసింది మందా, మందలింపా?

అలాంటివాళ్లు చాలా అరుదు, నిజమే. లావుగా ఉన్న చాలామందిలో లెప్టిన్ ఎక్కువే ఉంటుంది. మెదడే దాని మాట సరిగ్గా వినిపించుకోదు. పోనీ, కడుపు మాడ్చుకుని తగ్గారనుకోండి. ఆస్ట్రేలియాలో పదివారాలు కఠినంగా పథ్యం చేసినవాళ్లని ఏడాది తర్వాత చూస్తే, హార్మోన్లు ఇంకా ‘తిను తిను’ అనే పోరుతున్నాయని 2011లో తేల్చారు. తగ్గిన బరువు మళ్లీ వచ్చిందంటే ఆ మనిషికి పట్టుదల లేదనేనా?

నిద్ర సంగతీ చూడండి. రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకున్న పడుచు కుర్రాళ్లలో గ్రెలిన్ పెరిగి, లెప్టిన్ తగ్గిందని 2004లో ఒక పరిశోధన చెప్పింది. మరి ఆఖరున గిన్నెలు సర్ది, అందరికంటే ముందు లేచే ఇల్లాలి మాటేమిటి? ఆవిడ పథ్యం గురించి మాట్లాడేవాళ్లే గానీ, నిద్ర గురించి అడిగేవాళ్లేరీ?

తిండి విషయంలో జాగ్రత్త వద్దని నేననను. షుగరూ, బీపీ ఎవరినీ వదలవు. డాక్టరు సలహా తీసుకోవాల్సిందే. కానీ సలహా వేరు, ఎత్తిపొడుపు వేరు. చేతనైతే ఆవిడ పనిలో ఓ చెయ్యేసి, ఇంకో గంట పడుకోనిద్దాం. అంతవరకూ మన నోళ్లు మనం కట్టుకుందాం!