ఫోన్ కొనగానే ప్రోగ్రామ్ రాసే వీలుండాలి

ఫోన్ రివ్యూ అంటే కెమెరా, బ్యాటరీ, గేమింగ్, ధర. నా లిస్టులో ఇంకో ప్రశ్న ఉంది: బాక్స్‌లోంచి తీయగానే, కొత్తగా ఏ యాప్ వేయకుండా, దీంట్లో ప్రోగ్రామ్ రాయొచ్చా? ఇవాళ్టి ఆండ్రాయిడ్ ఫోన్లలో దాదాపు దేనికైనా జవాబు ‘కుదరదు’ అనే.

1981లో వచ్చిన బీబీసీ మైక్రోలో కుదిరేది. మోడల్ బీలో ర్యామ్ 32 కేబీ, ప్రాసెసర్ స్పీడ్ 2 మెగాహెర్ట్జ్. బేసిక్ ఇంటర్‌ప్రెటర్ మెషీన్‌లోనే 16 కేబీ చిప్‌లో ఉండేది. వాట్సాప్‌లో వచ్చే ఫొటో కూడా అంతకంటే పెద్దదే! స్విచ్ వేయగానే ‘బేసిక్’ అన్న మాట, కింద కర్సర్. లైన్ నంబర్లతో నాలుగు కమాండ్లు కొట్టి ‘రన్’ అంటే ప్రోగ్రామ్ నడిచేది. తప్పుంటే ఏ లైన్‌లో ఆగిందో అదే చెప్పేది. మన దేశంలో స్కూలు పిల్లల కోసం 1984లో మొదలైన ‘క్లాస్’ ప్రాజెక్టుకు ఎంచుకున్నది కూడా ఈ మెషీన్‌నే.

ఇది పాత సామాను మీద మోజు కాదు. మా కొల్లేరు వైపు చేపల చెరువు లెక్క చూడండి. 5,000 చేపలు, ఒక్కోటి సగటున 500 గ్రాములు, రోజు మేత బరువులో 2 శాతం అనుకుంటే 50 కిలోలు. ఒక చెరువుకైతే క్యాలిక్యులేటర్ చాలు. పది చెరువులుండి, వారం వారం బరువు మారుతుంటే? చిన్న ప్రోగ్రామ్ ఒక్కసారి రాసుకుంటే సరి. ఆ రైతు పిల్లలు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో చదువుతుంటారు. చేతిలో ఫోన్ ఉంటుంది, ల్యాప్‌టాప్ ఉండకపోవచ్చు. వాళ్ల మొదటి ప్రోగ్రామ్ బీటెక్ ల్యాబ్ దాకా ఎందుకు ఆగాలి?

ప్లే స్టోర్‌లో పైథాన్ యాప్‌లున్నాయిగా అంటారు. ఉన్నాయి. కానీ అలాంటిదొకటి ఉందని తెలిసినవాళ్లే వెతుకుతారు. బేసిక్‌కి లోపాలున్నాయి, గోటూలు ఎక్కువైతే ప్రోగ్రామ్ చిక్కుపడిపోతుంది. ఇప్పుడూ అదే పెట్టమనను, పైథాన్ పెట్టినా చాలు. ఆ రోజుల్లో దాని బలమల్లా కళ్లెదురుగా ఉండటమే.

ఇంకో విషయం. బీబీసీ బేసిక్ రాసిన సోఫీ విల్సనే తర్వాత స్టీవ్ ఫర్బర్‌తో కలిసి ఆర్మ్ ప్రాసెసర్ డిజైన్ చేశారు. 1985లో మొదటి చిప్ రాకముందు దాని నమూనాని బీబీసీ బేసిక్‌లోనే రాసి పరీక్షించారు. మీ ఫోన్‌లో నడుస్తున్నది ఆ ఆర్మ్ వంశమే.

తీసేయడానికి కూడా వీల్లేని యాప్‌లను బోలెడు నింపి ఇచ్చే కంపెనీలకు, క్యాలిక్యులేటర్ పక్కన ప్రోగ్రామింగ్ యాప్ ఒకటి పెట్టడం బరువేం కాదు. రివ్యూల్లో మనం దీనికీ మార్కులు వేద్దాం. అప్పుడే వాళ్లు పట్టించుకుంటారు.